కిటికీ దగ్గర నేర్చిన మాట

ఆ శుక్రవారం ఉదయం ఆకాశం తోమని పాల క్యాను లోపలి రంగులో ఉంది. తూర్పున మాత్రం, పశువుల కొట్టం తలుపు ఎవరో సరిగా వేయనట్టు, సన్నటి వెలుగు చీలిక ఒకటి. గాలి లేదు. ఆలస్యంగా బయలుదేరిన బాతుల గుంపు, తమను ఎవరు ఆలస్యం చేశారో తేల్చుకుంటున్నట్టు అరుచుకుంటూ దక్షిణంగా పోయింది. మంచు ఇంకా పడలేదు గానీ దాని వాసన వచ్చేసింది.

మర్నాడు తెల్లవారితే జింకల వేట మొదలు. మామూలుగా ఆ శుక్రవారం మా ఊళ్ళో మగవాళ్ళకు తుపాకులు తుడుచుకోవడం తప్ప వేరే పని ఉండదు. ఆడవాళ్ళలో సగం మందికీ అంతే. కానీ ఆ రోజు పదిన్నరకు పిల్లల తల్లిదండ్రులంతా చర్చికి రావాలని, చర్చి కింది గదిలో డేకేర్ నడిపే ఆర్డిస్ కబురు పెట్టింది. ఆర్డిస్ రమ్మంటే రావాల్సిందే. రావలసిన తల్లిదండ్రుల్లో సగం మంది మూడేళ్ళ వయసులో ఆవిడ చేత ముక్కు తుడిపించుకున్నవాళ్ళు.

పోయినవారం నేను చెప్పిన కథలో మనం మంగళవారం సాయంత్రం చర్చి మెట్ల దగ్గర ఆగాం. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన ట్రెంట్ హౌగెన్ పై మెట్టు మీద నిలబడి, సోమవారం నుంచి పిల్లల మొహాల మీద ఈ కరోనా మాస్కులు తీసేయకపోతే మా టిల్లీని మాన్పించేస్తానన్నాడు. అతని వెనక ఇంకో ఐదు కుటుంబాలు. పక్కనే నిలబడ్డ మారిట్ లిండ్, తీసేస్తే మా గస్‌ని మాన్పించేస్తానంది. ఆమె వెనకా ఐదు కుటుంబాలే. డేకేర్‌లో ఉన్నది పన్నెండు మంది పిల్లలు. సగం మంది మానేస్తే క్రిస్మస్‌కు కింది గది మూసేస్తామని చర్చి పెద్దలు ముందే చెప్పి ఉన్నారు. ముప్పై మైళ్ళ లోపు పసిపిల్లల్ని చూసుకునే చోటు ఇంకొకటి లేదు. ఆర్డిస్ టోలెఫ్‌సన్‌కు అది ముప్పై నాలుగేళ్ళ బతుకు. వాళ్ళిద్దరూ మాట్లాడినంతసేపూ ఆవిడ టిల్లీ చేతి తొడుగు వెతుకుతూనే ఉంది. అది దొరికాక, "శుక్రవారం పదిన్నరకు రండి, భోజనం ఇక్కడే," అని మాత్రం అంది.

నేను ఆ చర్చి కావలివాణ్ణి. పేరు ఓర్విల్. బాయిలర్‌లో కట్టెలు వేస్తాను, మెట్ల మీద మంచు తీస్తాను, మైకు పలకకపోతే దాన్ని కొడతాను.

ఆ పూట భోజనానికి నా భార్య లోయిస్ హాట్‌డిష్ చేసి ఇచ్చింది. జింక మాంసం కీమా, పుట్టగొడుగుల సూపు, పైన ఆలుగడ్డ ముక్కలు పరిచి అవెన్‌లో పెట్టింది. లోయిస్ వంటలో ఉప్పు మరిచిపోతుంది. పెళ్ళైన మొదటి వారంలోనే కనిపెట్టాను. అప్పుడు చెప్పలేదు. మొదటి వారం చెప్పకపోతే రెండో వారం చెప్పడం ఇంకా కష్టం. నలభై ఒక్క ఏళ్ళుగా, ఇంట్లో అయితే ఆమె వెనక్కి తిరిగినప్పుడు, బయటికైతే బండిలో, నేనే ఉప్పు కలుపుతూ వస్తున్నాను. నా పికప్ బండి ముందు అరలో ఒక ఉప్పు డబ్బా ఎప్పుడూ ఉంటుంది. మా చర్చిలో ఎవరి వంట ఎలా ఉన్నా అందరూ బాగుందనే అంటారు. ఉన్నమాట చెప్పేది ఆర్డిస్ ఒక్కతే. ఆ ఆర్డిస్ కూడా, "ఉప్పు వేయడం లోయిస్ దగ్గర నేర్చుకోవాలి," అంటుంది.

చర్చి ముందు బండి ఆపి, రేకు మూత ఎత్తి, అంచుల్లో ఆలుగడ్డ ముక్కలు లేపి, కింద ఉప్పు కలిపి, ముక్కలు మళ్ళీ ఉన్నవి ఉన్నట్టు పేర్చాను. ఆ పనిలో నాది మంచి చెయ్యి.

ఆర్డిస్ పెట్టే సమావేశాలకు ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళ కుర్చీలు దించనివ్వదు. అందరూ పిల్లల కుర్చీల్లోనే కూర్చోవాలి. కిటికీలన్నీ తెరిచి, కోట్లు విప్పకుండా, మాస్కులు పెట్టుకుని, పన్నెండు కుటుంబాల వాళ్ళు నేల నుంచి జానెడు ఎత్తున కూర్చున్నారు. పక్క గదిలో పిల్లల్ని పాస్టరుగారు చూసుకుంటున్నారు. అంటే పిల్లలు ఆయన్ని చూసుకుంటున్నారు.

"నా మోకాళ్ళు చెవుల్లోకి వచ్చేశాయి ఆర్డిస్ మామ్మా, తొందరగా కానివ్వండి," అన్నాడు లైల్. అతను పాల ట్యాంకరు నడుపుతాడు. మనిషి కూడా ట్యాంకరులాగే ఉంటాడు.

"నాలుగేళ్ళప్పుడూ నీది ఇదే గోల. కూర్చో," అంది ఆర్డిస్.

ఆవిడ ముందు ఒక పళ్ళెంలో పిల్లల మాస్కులు కుప్పగా ఉన్నాయి. ఉతికి ఆరేసినప్పుడు వాటి తాళ్ళు ముడులు పడతాయి. ఒక్కో ముడీ విప్పుకుంటూ, "ఊఁ, ట్రెంట్. మంగళవారం నిలబడి చెప్పావు. ఇప్పుడు కూర్చుని చెప్పు," అంది.

ట్రెంట్ మొహానికి గింజల గాదెలో దిగేటప్పుడు పెట్టుకునే రబ్బరు మాస్కు ఉంది, రెండు బుగ్గల దగ్గరా గుండ్రటి డబ్బాలతో. వెక్కిరించడానికే పెట్టుకొచ్చాడని వెనక వరసలో ఎవరో గొణిగారు. అది కాదని నాకు తెలుసు. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు బూజుగడ్డి దుమ్ము పీల్చి, చివరి ఏడాది కుర్చీలో కూర్చునే నిద్రపోయాడు. అప్పటినుంచి ట్రెంట్ ఆ మాస్కు లేకుండా గాదెలో అడుగు పెట్టడు. ఇంట్లో అతనికి ఉన్న మాస్కు అదొక్కటే.

"నేను మాస్కుకి పగవాణ్ణి కాదు," అన్నాడు. డబ్బాల్లోంచి గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. "మా నాన్న పెట్టుకోలేదు. ఎలా పోయాడో మీకందరికీ తెలుసు. నా గొడవ టిల్లీ గురించి. దానికి మూడున్నరేళ్ళు. వేసవిలో పదకొండు మాటలొచ్చు. నేను రాసిపెట్టా. ఇప్పుడు నాలుగు. మాటలు నేర్పే ఆవిడ నెలకోసారి వస్తుంది కదా, పిల్లకి మూతులు కనపడాలి, చూసి నేర్చుకునే పిల్ల అంది. రోజుకి తొమ్మిది గంటలు ఇక్కడుంటుంది. ఒక్క మూతి కనపడదు."

"నీకు నాలుగు మాటలన్నా ఉన్నాయి," అంది మారిట్. వృద్ధాశ్రమంలో రాత్రి పని ముగించుకుని తిన్నగా వచ్చింది, ఆకుపచ్చ పనిబట్టల మీద కోటు తొడుక్కుని. కళ్ళ కింద నలుపు మాస్కు పై అంచు దాకా దిగింది. "గస్ చెల్లెలు, మా ఇంగ, ఇరవయ్యారో వారానికే పుట్టింది. ఎనభై మూడు రోజులు గాజుపెట్టెలో ఉంది. ఇంటికొచ్చినా ముక్కులో గొట్టమే. గస్ ఇక్కడ ఏది అంటించుకుంటే అది సాయంత్రానికి దాని ఉయ్యాల దగ్గర ఉంటుంది."

"అయితే గస్‌ని ఇంట్లో ఉంచుకో."

"నేను పని మానేసి జీతం పోతే ఆ గొట్టానికి గాలి ఎవరు పట్టిస్తారు? నువ్వు పట్టిస్తావా? నువ్వే టిల్లీని ఇంట్లో ఉంచుకుని మాటలు నేర్పుకో."

"నాకు ఆవులతో తప్ప మాట్లాడ్డం రాదు. నీకూ తెలుసు."

"తెలుసు. మూడేళ్ళప్పుడే మాట రాక నన్ను కొరికావు."

ట్రెంట్ ఆమె మోచేతి వైపు చూశాడు. "గుర్తు ఇంకా ఉందా?"

"ఉంది."

"అయితే ఈ మాస్కులేవో అప్పుడే పెట్టాల్సింది," అన్నాడు లైల్.

నవ్వారు. ఇటువాళ్ళూ నవ్వారు, అటువాళ్ళూ నవ్వారు. అంతలోనే ఎవరితో కలిసి నవ్వుతున్నారో గుర్తొచ్చి ఆపేశారు. తర్వాత ఒకరి మాట మీద ఒకరు మొదలుపెట్టారు. మా వాడికి మూతి చుట్టూ పొక్కులొచ్చాయని ఒకామె. మా అమ్మ మాతోనే ఉంటుంది, ఆమెకు డెబ్భై ఎనిమిదని ఒకాయన. పిల్లలు ఒకరి మాస్కు ఒకరు మార్చుకుంటారు, బొమ్మల కారుకు తొడుగుతారు, అలాంటప్పుడు దేనికని ఇంకొకామె. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కట్టెల గది గుమ్మంలో నిలబడి వింటున్న నాకు అదే కష్టంగా అనిపించింది. ఒకరైనా అబద్ధం చెబితే తీర్పు తేలికగా ఉండేది.

ఆర్డిస్ చివరి ముడి విప్పి, పన్నెండు మాస్కులూ వరసగా పేర్చింది.

"మారిట్, పొద్దున పిల్లాణ్ణి దింపాక నువ్వేం చేస్తావు?"

"ఏం చేస్తాను, ఇంటికి పోతా."

"పోయే ముందు."

మారిట్ చెవులు ఎర్రబడ్డాయి. "ఏం లేదు."

అది నాకు తెలుసు. తల్లిదండ్రులు లోపలికి రాకూడదని పోయినేటి నుంచి నియమం. మెట్ల పైనే పిల్లల్ని అప్పగించి పోవాలి. పిల్లల గది నేల కింద ఉండడంతో దాని కిటికీలు బయట నేలకు ఆనుకుని ఉంటాయి. లోపల పిల్లలు బల్ల ఎక్కితే తప్ప అందవు. అక్టోబరులో తూర్పువైపు మూడో కిటికీ ముందు గడ్డిలో రెండు చిన్న గుంటలు చూశాను. కుందేలు పని అనుకుని పూడ్చాను. మర్నాటికి మళ్ళీ పడ్డాయి. మూడో రోజు కాస్త ముందుగా వచ్చి చూస్తే తెలిసింది, అవి మోకాళ్ళ గుర్తులని. నేను ఎవరికీ చెప్పలేదు. పూడ్చడం కూడా మానేశాను.

"రోజూ చేసేది ఇప్పుడోసారి చెయ్యి," అంది ఆర్డిస్. "ట్రెంట్, నువ్విటు రా. పిల్లల గది సగం తలుపు దగ్గర నిలబడు. దగ్గొచ్చినా మింగేసెయ్."

మారిట్ మెట్లెక్కి వెళ్ళింది. ఆమె అడుగులు పైన గోడవారగా వినిపించాయి. అప్పుడే మంచు మొదలైంది, పిండి జల్లెడ పట్టినట్టు. మూడో కిటికీలో ముందు రెండు మోకాళ్ళు కనపడ్డాయి, తర్వాత చేతులు, తర్వాత మొహం. మాస్కు గడ్డం కిందికి లాగి, అద్దం మీద రెండుసార్లు తట్టింది.

గస్ పరిగెత్తాడు. వాడు చేరేసరికే టిల్లీ బల్ల మీద ఉంది. తట్టకముందే ఎక్కేసి ఉంటుంది. రెండు చేతులూ అద్దానికి ఆనించి, మెడ చాచి, మారిట్ మూతినే చూస్తోంది.

చలికాలం పిల్లల గది కిటికీలకు మాత్రం మేం రెండో అద్దం బిగిస్తాం. ఆ రెండు అద్దాల్లోంచి మాట దూరదు. అందుకని మారిట్ ఒక్కో మాటకూ నోరు బారెడు తెరుస్తుంది, చెవిటి అత్తకు చెబుతున్నట్టు. మాకేమీ వినపడలేదు. కానీ పెదవుల మీద చదవొచ్చు. ఆడుకుంటావు. తింటావు. పడుకుంటావు. లేస్తావు. అమ్మ వచ్చేస్తుంది.

అప్పుడు ఈ పక్క నుంచి ఒక గొంతు వినిపించింది. చిన్నది, కాస్త బొంగురుది, వాడకం లేని గొంతు.

"ఆలుకుంతావు," అంది టిల్లీ. మాస్కు లోపలికీ బయటికీ కదిలింది. "తింతావు. పలుకుంతావు. లేత్తావు." ఊపిరి తీసుకుంది. "అమ్మ వచ్చేత్తుంది."

"అది మా అమ్మ," అన్నాడు గస్. "మీ అమ్మ కాదు."

"అమ్మ వచ్చేత్తుంది," అని వాడికి నచ్చజెప్పింది టిల్లీ.

ట్రెంట్ టోపీ తీసి అందులోకి చూసుకున్నాడు. తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే ముడిచాడు. ఐదో వేలు దగ్గర ఆగిపోయాడు.

"చివరిది కలిపి చెప్పింది," అన్నాడు. "రెండు మాటలు కలిపి. మా ఇంట్లో ఎప్పుడూ కలపలేదు."

"మంగళవారం మధ్యాహ్నం పడుకోబెడుతుంటే నాకు చెప్పింది," అంది ఆర్డిస్. "ఎక్కడ నేర్చిందా అని చూశా. ఈ గదిలో మూతి కనపడే మనిషే లేదు. మర్నాడు పొద్దున తెలిసింది, మనిషి బయట ఉందని."

"అది మాట్లాడిందని మంగళవారమే నాకు చెప్పొచ్చుగా."

"చెబుదామనే మెట్ల మీదకి వచ్చా. నువ్వు ప్రసంగంలో ఉన్నావు."

మారిట్ మోకాళ్ళు తడుపుకుని, మాస్కు పైకి లాక్కుంటూ లోపలికి వచ్చింది. అందరూ తననే చూస్తుంటే, "ఏమైంది?" అంది.

"టిల్లీ రోజూ అక్కడుంటుందా?" అడిగాడు ట్రెంట్.

"ఉంటుంది. పక్షుల్ని చూడ్డానికి ఎక్కుతుందేమో అనుకున్నా. చెయ్యి ఊపుతుంది. నేనూ ఊపుతా. ఏం, ఊపకూడదా?"

ట్రెంట్ టోపీ పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పైన బండి తలుపు వేసిన చప్పుడు, తర్వాత చక్రాల కింద కంకర చప్పుడు.

"వేటకి పోయినట్టున్నాడు," అన్నాడు లైల్. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"పోనీ ఇప్పుడన్నా ఎవరిది తప్పో చెప్పండి ఆర్డిస్ మామ్మా," అంది డెబ్భై ఎనిమిదేళ్ళ అత్తగారున్న ఆమె.

"నేను చెప్పలేను," అంది ఆర్డిస్. "ఒక పిల్లకి మూతి కనపడాలి. ఇంకో పిల్ల కోసం మూతి మూయాలి. ఇద్దర్లో ఎవర్ని వదులుకోమంటావు? నాకు పన్నెండు మందీ కావాలి. ఎలాగో తెలీదు. తెలిస్తే మిమ్మల్నెందుకు పిలుస్తాను, నేనే చేసుకునేదాన్నిగా."

ఆవిడ తెలీదని అనడం ఆ ముప్పై నాలుగేళ్ళలో నేను వినలేదు. నేనే కాదు, ఎవరూ విని ఉండరు. ఆ మాట తర్వాత గదిలో వాదన ఆగింది. కోపం పోయి కాదు. పెద్దావిడ చేతిలో బరువు కనపడినప్పుడు ఎవరైనా లేచి ఒక పక్క పట్టుకుంటారే, అలాంటి కదలిక కుర్చీల్లో మొదలైంది. ఒకాయన మా గ్యారేజీ పెద్దది, తలుపులు తెరిచిపెట్టి అక్కడ ఆడించొచ్చేమో అన్నాడు. ఒకామె రోజూ గంటసేపు బయట కథ చెబుతానంది. ఇంకొకాయన, అయితే పిల్లలు గడ్డకట్టాక చెబుతావా కథ, అన్నాడు. ఆర్డిస్ అన్నీ వింది.

నలభై నిమిషాలకు మెట్ల మీద బూట్ల చప్పుడు. "ఓర్విల్, లైల్, ఇటు రండి. జాగ్రత్త, బరువు," అని ట్రెంట్ గొంతు.

పైకి వెళ్ళి చూస్తే బండి వెనక గుర్రపు దుప్పటిలో చుట్టిన అద్దం ఉంది. వాళ్ళ నాన్న కోత యంత్రానికి ముందుండే పెద్ద అద్దం. ఆయన పోయాక ఆ యంత్రం తొమ్మిదేళ్ళుగా కొట్టం వెనక గడ్డిలోనే ఉంది. ఎందరు అడిగినా ట్రెంట్ దానిలో ఒక్క మేకు కూడా ఎవర్నీ తీసుకోనివ్వలేదు. ముగ్గురం పట్టుకుని ఒక్కో మెట్టూ దించాం.

"ఇది విప్పావా?" అన్నాను.

"దీని వెనక కూర్చున్నంతసేపూ ఆయనకి దగ్గు ఉండేది కాదు," అన్నాడు.

పిల్లల బల్ల మీద రెండు దుంగలు గాడి కొట్టి నిలబెట్టాడు. అద్దం అంచులకు పాలు పిండే యంత్రం రబ్బరు గొట్టాలు నిలువునా చీల్చి తొడిగాడు, పిల్లల వేళ్ళు కోసుకోకుండా. నలుగురు పిల్లలు పక్కపక్కన కూర్చున్నా అవతలి మనిషి మొత్తం కనపడేంత వెడల్పు. కానీ దాని మీద తొమ్మిదేళ్ళ మురికి ఉంది. మారిట్ వంటగదిలోంచి వెనిగరూ పాత వార్తాపత్రికలూ తెచ్చింది. అతను ఒక పక్క, ఆమె ఒక పక్క తుడవడం మొదలుపెట్టారు.

"నీ పక్క మచ్చ ఉంది," అంది మారిట్.

ట్రెంట్ తుడిచాడు. "నా పక్క లేదు. నీ పక్కే."

"నేను తుడిచాను. నీ పక్కే."

"గోరు పెట్టి చూడు."

"నువ్వు పెట్టి చూడు."

ఇద్దరూ రెండు వైపుల నుంచి ఒకే చోట గోరు పెట్టారు. కాసేపు గీకారు. వెనక లైల్ ఏదో అనబోతే ఆర్డిస్ వాడి చేతి మీద చెయ్యి వేసింది.

"రాయి తగిలింది," అన్నాడు ట్రెంట్. "గాజు లోపల ఉంది మచ్చ. నాన్న దక్షిణం పొలంలో నడుపుతున్నప్పుడు తగిలింది. మర్చిపోయా."

"పోదా?"

"పోదు."

"ఉండనీ," అంది మారిట్.

ఆర్డిస్ వచ్చి అద్దం అవతల చిన్న కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ వెనక్కి పెట్టి మాస్కు తాళ్ళు విప్పింది. పిల్లల దగ్గర ఆవిడ ఏనాడూ మాస్కు తీయదు. వాళ్ళు బయట తింటుంటే నిలబడి చూసి, అందరూ పడుకున్నాక ఒక్కతే తింటుంది. ఏడాదిన్నర పైగా ఈ గదిలో ఆవిడ కళ్ళు తప్ప ఎవరూ ఏమీ చూడలేదు. ఆ మొహం ముప్పై నాలుగేళ్ళు ఆదివారం ఆదివారం చూసినవాణ్ణి, నేనే కొంచెం తడబడ్డాను. పెదవుల చుట్టూ సన్నటి గీతలు కొత్తగా వచ్చి ఉన్నాయి. మాస్కు అంచు ముక్కు మీద చర్మాన్ని రుద్ది నల్లగా చేసింది. అవేవీ దాచుకోవాలన్న ధ్యాస ఆవిడకు లేదు.

"ఆర్డిస్ మామ్మకి పళ్ళున్నాయి," అన్నాడు గస్, అందరికీ తెలియజేస్తూ.

టిల్లీ అద్దం దగ్గరికి వచ్చింది. చెయ్యి ఎత్తి, సరిగ్గా ఆవిడ మూతి ఉన్నచోట పెట్టింది. ఆర్డిస్ తొందరపడలేదు. వేలు తీసేదాకా ఆగి, నాలుక పళ్ళ దగ్గర పెట్టి చూపించి, "టిల్లీ," అంది.

పిల్ల చూసింది. ఇంకోసారి చెప్పమన్నట్టు అద్దం మీద రెండుసార్లు తట్టింది.

"టిల్లీ."

"తిల్లీ," అంది పిల్ల. తన పేరు తను అనడం అదే మొదలు. ట్రెంట్ రబ్బరు మాస్కులోంచి ఊపిరి పెద్దగా వినిపించింది. మారిట్ అటు చూడకుండా చేతిలో ఉన్న కాగితం అతనికిచ్చింది. దాంతో కళ్ళు తుడుచుకుని, వెనిగరు మండి, నానా తంటాలు పడ్డాడు.

"మరి ఓటు?" అన్నాడు లైల్.

"దేనికి?" అంది ఆర్డిస్, మాస్కు కట్టుకుంటూ. "సోమవారం పిల్లల్ని పంపండి. మాస్కులుంటాయి. అద్దం ఉంటుంది. అద్దం వెనక రోజుకొకరు వచ్చి కూర్చుని మాట్లాడాలి. సోమవారం మారిట్. మంగళవారం ట్రెంట్."

"నాకు మాట్లాడ్డం రాదని చెప్పా కదా."

"ఆవులతో ఏం మాట్లాడతావో అదే మాట్లాడు. పిల్లలు పట్టించుకోరు."

ఎవరూ చేతులెత్తలేదు, ఎవరూ ఒప్పుకున్నామని అనలేదు. మా ఊళ్ళో ఒప్పుకోవడమంటే లేచి కుర్చీలు సర్దడమే. పన్నెండు కుటుంబాల వాళ్ళూ లేచి చిన్న కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆర్డిస్ గోడకు చేరబడి ఒక నిమిషం కళ్ళు మూసుకుంది. అలిసిపోయిందనుకున్నాను. గెలిచిన మనిషిలా లేదు. పన్నెండు చేతి తొడుగుల జతలు లెక్క సరిపోయిన మనిషిలా ఉంది. చాలామంది పాస్టర్లను చూశాను, ఇద్దరు ముగ్గురు జడ్జీలను చూశాను. మనుషుల మీద అంత నమ్మకం ఉన్నవాళ్ళను ఎక్కువమందిని చూడలేదు.

భోజనాలు బయట షెడ్డులో. దానికి కప్పు ఉంది, గోడల్లేవు. ఆరుబయట తప్ప పిల్లల మాస్కులు తీయకూడదని ఆర్డిస్ పోయినేడు తీర్మానించి, చలికాలమంతా వాళ్ళకు మంచుబట్టలు తొడిగి అక్కడే తినిపించింది. మొదట్లో ఊళ్ళో నవ్వుకున్నారు. ఆ ఏడు జలుబుతో ఒక్క పిల్ల కూడా బడి మానలేదు. ఇప్పుడు నవ్వరు.

మంచు ఒత్తుగా పడుతోంది. పిల్లలకు రొట్టె, వేరుశనగ వెన్న, ఆపిల్ ముక్కలు. పెద్దవాళ్ళకు హాట్‌డిష్. ఇవాళ అందరితో కూర్చుని తినాల్సిందేనని లైల్ పట్టుబడితే ఆర్డిస్ బల్ల చివర కూర్చుని మాస్కు తీసింది. గస్ పోయి ఆవిడ పక్కకు జేరగిలబడి రొట్టె కొరుకుతున్నాడు. ట్రెంట్ ఎదురుగా మారిట్ కూర్చుంది. మంగళవారం సాయంత్రం ఈ బల్ల చుట్టూ ఇంతమంది కూర్చుంటారని ఎవరైనా అంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

లోయిస్ అప్పుడే వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇవాళ ఉప్పు మర్చిపోలేదు," అంది నా చెవిలో.

"ఏం?"

"బుధవారం రాత్రి చర్చి భోజనాల్లో ఆర్డిస్ ఎప్పట్లాగే విడిగా తినొచ్చి నా మొహం మీదే అంది, చప్పగా ఉంది లోయిస్ అని. ఎప్పుడైనా అందా అలాగ? అందుకే ఇవాళ రెండింతలు వేశా."

నా చెంచా గాలిలో ఆగింది. బుధవారం నేను ఉప్పు వేశాను. ఎప్పుడూ వేసినంతే వేశాను. ఆ రాత్రి నేనూ తిన్నాను, సరిగ్గానే ఉంది.

అప్పటికే అందరూ మొదటి ముద్ద నోట్లో పెట్టారు. సముద్రం నేను ఒక్కసారే చూశాను, చిన్నప్పుడు. ఆ నీళ్ళు మింగాను కూడా. ఆ హాట్‌డిష్ అలా ఉంది. లైల్ గ్లాసెడు పాలు ఒక్క గుక్కలో తాగి, "బాగుంది లోయిస్," అన్నాడు. మారిట్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "బాగుంది," అంది. ట్రెంట్ తలూపాడు. లోయిస్ తనూ ఒక చెంచా తింది. నమలడం ఆపింది. మెల్లగా నా వైపు తిరిగింది. నలభై ఒక్క ఏళ్ళూ ఒక్కొక్కటే ఆ చూపులోంచి వెళ్ళాయి. నేను మంచు వైపు చూశాను.

ఆర్డిస్ నిండుగా ఒక చెంచా తింది. నిదానంగా నమిలింది. ఇంకొకటి తింది.

"ఓర్విల్, బల్ల మీది ఆ ఉప్పు డబ్బా ఇలా అందివ్వు," అంది. "ఏమీ అనుకోకు లోయిస్. ఇవాళ కూడా చప్పగానే ఉంది."

నేను అందించాను. అందించకుండా ఎలా ఉండాలో నాకు తెలియలేదు. ఆవిడ నాలుగుసార్లు చల్లుకుంది. రుచి చూసింది. మళ్ళీ రెండుసార్లు చల్లుకుంది. అప్పుడు కూడా నొసలు చిట్లించి, పోనీలే అన్నట్టు తినడం మొదలుపెట్టింది.

బల్ల పొడుగునా చెంచాలు ఆగిపోయాయి. వృద్ధాశ్రమంలో ఏడాదిన్నరగా పనిచేస్తున్న మారిట్‌కు, నాలుకకు రుచి పోతే అది ఏ జబ్బు గుర్తో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె చెయ్యి చాచి, గస్ కోటు టోపీ పట్టుకుని, వాణ్ణి నెమ్మదిగా తన వైపు లాక్కుంది. వాడు రొట్టె వదలకుండా కూర్చునే బల్ల మీద జారుతూ వచ్చాడు. ట్రెంట్ తల తిప్పి, నేలకు ఆనుకుని ఉన్న కిటికీలోంచి లోపలికి చూశాడు. అద్దం బల్ల మీద అలాగే ఉంది, దాని అవతల ఆర్డిస్ కూర్చున్న చిన్న కుర్చీ ఖాళీగా. అతను దాన్నే చాలాసేపు చూసి, రొట్టెల పళ్ళెం ఎత్తి మారిట్ ముందు పెట్టాడు.

ఆర్డిస్ తింటోంది. ఆకలితో ఉన్న మనిషి తిన్నట్టు, పక్కన పిల్లల్ని చూసుకుంటూ తింటోంది. టిల్లీ దూరం నుంచి ఆవిడ మూతి కదలడం చూస్తోంది. లైల్ ముందుగా చెంచా ఎత్తాడు. తర్వాత లోయిస్. తర్వాత ఒక్కొక్కరే.

మా ఊళ్ళో భోజనం దగ్గర ఉప్పు సంగతి ఎవరూ ఎత్తరు. కప్పు అంచుల నుంచి మంచు రాలుతుంటే, పళ్ళేల అడుగు కనపడేదాకా అందరం తిన్నాం.